అవతలి ఒడ్డున సగం సినిమా

ముందు ఆ కిటికీ గట్టు మీంచి దిగి చాప మీద సరిగ్గా కూర్చో. చెవులు నాకిచ్చి చేతులు కాగితానికివ్వు. నేను మధ్యలో దారి తప్పుతాను, ఆ సంగతి నాకూ తెలుసు. తప్పినప్పుడు "తర్వాత అమ్మమ్మా" అను, చాలు. మీ కాలేజీ పుస్తకానికి ధైర్యం నేర్పిన సినిమా మీద రాయాలన్నావు కదా. సినిమా గురించి నేనేం చెప్పగలను? ఆ సినిమాకి వెళ్ళిన దారి గురించైతే చెప్పగలను. మీ సత్యమామ్మ తన వంటింట్లోంచి బయటికి వచ్చేలోపే రాసుకో. ఆవిడ వచ్చిందంటే "ఇప్పుడవన్నీ ఎందుకు వదినా" అని నా నోరు కట్టేస్తుంది.

తుని

సత్యవతి ఎవరో చదివేవాళ్ళకి తెలియాలి కదా, రాయి. నా తమ్ముడి భార్య. మా పుట్టింటివాళ్ళది తునిలో పసుపు కుంకుమల కొట్టు. గాజులు, కర్పూరం, పెళ్ళికి కావాల్సిన సామానంతా దొరుకుతుంది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో జల్లించడం, పొట్లాలు కట్టడం. తమ్ముడు పోయాక ఏడాదిపాటు మా అన్నయ్య తన బియ్యం కొట్టు చూసుకుంటూనే ఇక్కడికొచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. సత్యవతి వెనక గదిలోనే ఉండిపోయింది. ఒకటే కిటికీ, అదీ గోడ వైపుకి. పొద్దున్నించి దీపాలవేళ దాకా కుంకుమ జల్లించేది, పొట్లం కట్టేది, గడప ఇవతల పెట్టేది. అన్నయ్య అందుకుని అమ్మేవాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మరదలు బావగారితో ఎదురుగా మాట్లాడకూడదు. ఆవిడ ఏదైనా చెప్పాలంటే తలుపు చాటు నుంచి నాతో చెప్పేది, నేను అన్నయ్యతో చెప్పేదాన్ని. నన్నిచ్చింది ఆ పక్క వీధిలోనే కాబట్టి ఇద్దరికీ మధ్య టెలిఫోన్ లాగా నేనే ఉండేదాన్ని. ఒకరోజు పొట్లం కడుతూ తల ఎత్తకుండా అంది, కొట్టు తనే నడుపుకుంటానని. అన్నయ్య అప్పటికే దాన్ని ఇంకెవరికో ఇచ్చేయాలనుకుంటున్నాడు. నేను మాట మోసుకెళ్ళాను. అన్నయ్య కోప్పడలేదు. కోప్పడితే నేనూ రెండు మాటలు అనేదాన్ని. మెల్లగా అన్నాడు.

"అది పసుపు కుంకుమల కొట్టమ్మా. తలుపు తియ్యగానే బొట్టులేని మొహం కనబడితే బోణీ ఎవరు చేస్తారు?"

తలుపు అవతల జల్లెడ చప్పుడు ఆగిపోయింది. అంతే, ఆ తర్వాత సత్యవతి ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. అడిగితే తల ఊపేది.

ఆ రోజుల్లోనే మా వీధి ఆడవాళ్ళందరి నోటా ఒక సినిమా. ఉప్పుమళ్ళలో కూలికెళ్ళే గౌరి అనే పిల్ల కథ. సినిమా పేరెందుకులే, మేమంతా ఉప్పుమళ్ళ సినిమా అనేవాళ్ళం. చూసొచ్చిన ఎదురింటావిడ, రెండు రోజులు నడుం నిటారుగా పెట్టుకు నడిచానని చెప్పింది. సత్యవతికి అది చూపించాలని నాకు పట్టుకుంది. తీరా చూస్తే తునిలో ఎత్తేశారు. మా పిన్ని కూతురు రాజ్యం నరసాపురం నుంచి ఫోన్ చేసి, అక్కడ ఆడుతోందని చెప్పింది. సినిమాకి అంటే అన్నయ్య పంపడు. ఏడాది సూతకం తీరింది, అంతర్వేది స్వామిని చూసి వస్తామంటే కాదనడు. అబద్ధం కాదు, అంతర్వేదికీ వెళ్ళాం. అన్నయ్య దారిఖర్చు చేతిలో పెట్టి, "మీరు తిరిగొచ్చాక మంచిరోజు చూసి కొట్టు తీసుకునేవాళ్ళకి తాళాలు అప్పజెప్పేస్తాను, దానికి చెప్పు" అన్నాడు. అది పక్కనే నిలబడి ఉంది.

రాజమండ్రి

నేను గోదావరిని అంతకుముందు చూశాను. సత్యవతి చూడలేదు. తమ్ముడి అస్థికలు కలిపింది అక్కడే గానీ, అప్పుడు మగవాళ్ళే వెళ్ళారు. సాయంత్రం రేవు మెట్లు దిగుతూ దిగుతూ ఆగిపోయింది. మన తాండవ ఏరు చూశావుగా, ఎండాకాలం మోకాలు తడవదు, అవతలి గట్టున ఎవరు బట్టలుతుకుతున్నారో పేరు పెట్టి పిలవచ్చు. ఇక్కడ అవతలి గట్టు కాటుకపుల్లతో గీసిన గీతలాగా ఉంది. మధ్యదంతా నీళ్ళే. చప్పుడు లేదు, తొందర లేదు. ఊళ్ళో ఉన్న దుఃఖమంతా తెచ్చి కలిపినా రంగు మారనంత నీళ్ళు.

"ఇంతుంటుందా వదినా" అంది. చాలా రోజులకి విన్నాను ఆ గొంతు. నేనేం మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం ఎంత విడ్డూరమో నీకు తెలుసు కదా.

పైకొచ్చాక రోజ్ మిల్క్ తాగాం. రాజమండ్రిలో అది తాగకపోతే వెళ్ళినట్టే కాదంటారు. గులాబీ రంగు, పళ్ళు జివ్వుమనే చల్లదనం. మన ఊళ్ళో రంగు సోడా ధరకి రెండింతలు తీసుకున్నాడు. అయినా గ్లాసు అడుగున మీగడ తగిలాక నేను గొణగడం మానేశాను. సత్యవతి పెదాలు ఎర్రగా అయ్యాయి. కొట్టు అద్దంలో చూసుకుంది, వెంటనే కొంగుతో తుడిచేసుకుంది. ఏదో దొంగతనం చేసినట్టు.

భీమవరం మీదుగా

మర్నాడు రైలు వంతెన ఎక్కగానే పెట్టెలో అందరూ లేచారు. చిల్లర తీసి కిటికీల్లోంచి గోదావరిలోకి విసిరారు. ఒక పెద్దాయన తన చేతిలో రూపాయి సత్యవతికిచ్చి, "మీరు కిటికీ దగ్గరున్నారు కదండీ, నాదీ మీరే వేసెయ్యండి" అన్నాడు. అడిగింది ఎవరినో, నుదుటి మీద ఏముందో లేదో ఆయన చూసుకోలేదు. సత్యవతి ఆ రూపాయిని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి, అప్పుడు వేసింది.

భీమవరం దగ్గరికొచ్చేసరికి వరిచేలు పోయి చెరువులు మొదలయ్యాయి. చేపలవి, రొయ్యలవి. నీళ్ళ మధ్యలో చక్రాలు తిరుగుతూ నురగ కక్కుతున్నాయి. మనవైపు పొలానికి నీళ్ళు పెడతాం, వీళ్ళు పొలాన్నే నీళ్ళు చేసేశారు. ఆ వాసనకి నేను ముక్కు మూసుకుంటే ఎదురు సీటావిడ నవ్వి, మా పిల్లల చదువులన్నీ ఆ వాసనే చదివించిందండి అంది. ఇంక ముక్కు మీంచి చెయ్యి తీసెయ్యక ఏం చేస్తాను? నరసాపురంలో దిగుతుంటే నా ఎడమకాలి చెప్పు తెగింది. పిన్నీసు గుచ్చుకుని నడిచాను. మిగిలిన ఊరంతా నాకు ఆ పిన్నీసు మీదుగానే తెలుసు.

నరసాపురం, మధ్యాహ్నం ఆట

రాజ్యం వాళ్ళ వీధిలో ప్రతి అరుగు మీదా ఆడవాళ్ళే. చేతిలో చిన్న కొక్కెం, ఒళ్ళో దారపు ఉండ. లేసు అల్లుతున్నారు. చేతుల వంక ఒక్కరూ చూడరు, కబుర్లు కబుర్లే, వేళ్ళ సందుల్లోంచి మాత్రం పువ్వులు రాలుతున్నట్టుంటాయి. ఇవన్నీ ఓడలెక్కి దేశాలు పోతాయని రాజ్యం చెప్పింది. నువ్వెంత దూరం వెళ్ళావే అనడిగితే, పాలకొల్లు దాకా అంది. అన్నంలోకి ఆవిడ చేసిన వంకాయ కూరలో బెల్లం వేసింది. మన చింతపండు నోటికి అది కూరో పాయసమో తేల్చుకునేలోపే ఆటకి వేళైంది.

అది ఆడవాళ్ళ ఆట. గేటు దగ్గర ఒకావిడ పళ్ళెం పట్టుకుని, వచ్చిన వాళ్ళందరికీ కుంకుమ పొట్లం, రెండేసి గాజులు ఇస్తోంది. నాకిచ్చింది. రాజ్యానికిచ్చింది. మధ్యలో ఉన్న సత్యవతిని దాటి పళ్ళెం వెనకాలవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ మనసులో చెడ్డేమీ లేదు, చెయ్యి అలవాటు ప్రకారం వెళ్ళింది. నాకు చెప్పులోని పిన్నీసు కాల్లో దిగినట్టైంది.

దీపాలార్పారు. ఏం చెప్పను! మా ఇంటి గోడంత మొహం ఆ గౌరిది. ఉప్పుమడి తెల్లగా, ఆకాశం తెల్లగా, మధ్యలో నల్లటి చిన్న మనిషి. ఉప్పుగుట్ట విరిగిపడి మొగుడు పోతాడు. ఆ మళ్ళ ఆసామి ఉన్నాడే, తెల్లపంచె ముసలాయన, ఒక్కసారి కూడా గొంతు పెంచడు. "అమ్మా గౌరీ, తల్లీ గౌరీ" అంటూనే గుడిసె లాక్కుంటాడు, "నీ మంచికేనమ్మా" అంటూనే బావి దగ్గరికి రానివ్వడు. ఆ పిల్ల కాళ్ళు ఉప్పుకి పగిలిపోయి ఉంటాయి. ఆ కాళ్ళని తెర నిండా చూపిస్తే హాల్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారే తమ కాళ్ళు చీరలోకి లాక్కున్నారు. అందరం. ఎవరూ చెప్పలేదు. అంతమంది ఒకే ఒళ్ళులాగా కదలడం నేను అంతకుముందు గుళ్ళో కూడా చూడలేదు. సత్యవతి ఏడవలేదు. రెప్ప కూడా వెయ్యలేదు. ఆఖర్న గౌరి నెత్తిన ఉప్పు బుట్టతో ఆసామి గేటు ముందు నిలబడింది. గేటు మూసి ఉంది. విశ్రాంతి అని పడింది.

విశ్రాంతి

ఆ విశ్రాంతి ఎంతకీ అవలేదు. జంతికలు తిన్నాం, సోడా తాగాం. చివరికి హాలాయన వచ్చి చేతులు కట్టుకుని చెప్పాడు. ఈ సినిమాకి రీళ్ళు ఒకటే జత. నరసాపురం హాలుకీ, గోదావరి అవతలి ఒడ్డు హాలుకీ కలిపి. రాత్రి ఆట అవతల ఆడితే పొద్దున్న రేవు దాటించి ఇవతలికి తేవాలి. మొదటి పెట్టె వచ్చేసింది. రెండో పెట్టె పంటు ఎక్కేలోపు గాలి లేచి రేవు ఆపేశారు. పంటంటే లారీలని కూడా ఎక్కించుకుని గోదావరి దాటించే పెద్ద పడవ, తెలుసుగా. రేపు రమ్మనడానికీ లేదు, రేపటి నుంచి కొత్త బొమ్మ. రీళ్ళు వేరే జిల్లాకి వెళ్ళిపోతాయి.

జనం తిట్టుకుంటూ లేచారు. సత్యవతి లేవలేదు. ఖాళీ తెర వంక చూస్తూ కూర్చుంది. రాత్రి రాజ్యం పెట్టిన పెరుగన్నం కూడా ముట్టకుండా అంది.

"చూశారుగా వదినా. కష్టాలన్నీ చూపించి గేటు దగ్గర ఆపేశారు. నాకూ అంతవరకే రాసి ఉన్నట్టుంది."

ధైర్యం వస్తుందని తీసుకొచ్చి దుఃఖం ఉన్న సగమే చూపించానేమోనని నేను ఆ రాత్రి దేవుడితో పోట్లాడాను.

రేవు

తెల్లారేసరికి గాలి లేదు. ముందు రోజు మంది మీద కోప్పడిన గోదావరి ఇదేనా అన్నట్టు పడుకుని ఉంది. అంతర్వేదికని పంటెక్కి సఖినేటిపల్లి వైపు దిగాం. ఆ ఒడ్డున పాక కింద చేపలవాళ్ళు బుట్టలతో ఇవతలికి దాటడానికి కూర్చుని ఉన్నారు. నా నోరు ఊరుకుంటుందా? నిన్న మీ వైపు సినిమా ఆడిందా అనడిగాను. ఆడింది. మొదటి సగం ఇవతల చిక్కుకుపోతే, జనం లేవడం లేదని అక్కడి హాలాయన ఉన్న సగం వేసేశాడట. ముందు ఇది చూడండి, అది వచ్చాక అది చూద్దురు అని.

మంగ అని ఒకావిడ, గోనె కప్పిన బుట్ట ఒళ్ళో పెట్టుకుని, బుగ్గ నొక్కుకుంది. "ఏం సినిమానండి బాబూ. ఆ గౌరికి ఎంత పొగరండి. కన్నతండ్రిని గేటు బయట నిలబెట్టేసిందండి. ముసలోడు అమ్మా, తల్లీ అని ఏడుత్తుంటే మా కడుపు తరుక్కుపోయిందండి."

పక్కవాళ్ళంతా అవునవునన్నారు. పాపం ముసలోడన్నారు. ఆడపిల్లకి అంత పనికిరాదన్నారు.

"ఆయన తండ్రి కాదు."

ఎవరన్నారా అని తిరిగి చూశాను. సత్యవతి. మొహం ఎర్రబడింది.

"ఆయన తండ్రి కాదండీ" అంది మళ్ళీ. "అమ్మా తల్లీ అంటూనే ఆ పిల్ల గుడిసె లాక్కున్న మనిషి."

అక్కడ మొదలుపెట్టింది చూడు. మొగుడి మీద ఉప్పుగుట్ట పడటం, బావి దగ్గరికి రానివ్వకపోవడం, పగిలిన కాళ్ళు, అన్నీ. అన్నాళ్ళుగా తల ఊపడమే తప్ప మాట లేని మనిషి, మాట వెనక మాట, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి చెప్పింది. ఆ తెర మీద చూసినదానికన్నా పెద్దగా కనబడింది నాకు కథ. పంటువాడు హారన్ వేశాడు. ఒక్క బుట్ట లేవలేదు. రెండోసారి వేశాడు. చివరికి వాడే ఇంజను ఆపి, దిగొచ్చి, పాక గుంజకి ఆనుకుని విన్నాడు. వెనక అంత గోదావరి, ముందు ఈ చిన్న మనిషి.

గేటు దగ్గరికొచ్చి ఆపింది. "తర్వాత మాకు తెలీదండి" అంది.

అప్పుడు మంగ నోరు తెరిచింది. మెల్లగా, తను చూసినదాన్ని మళ్ళీ కొత్తగా చూసుకుంటూ చెప్పింది. గౌరి మిగతా కూలోళ్ళని కూడగట్టడం, ఆ మళ్ళు వాళ్ళకే రావడం, చివర్న అదే గేటు, బయట ముసలాయన.

సత్యవతి అడిగింది. "అంటే గేటు లోపల ఉన్నది ఆ పిల్లేనా?"

"ఆ పిల్లేనండి."

"తలుపు తీసిందా మరి?"

అది వాళ్ళకీ తెలీదు. సరిగ్గా అక్కడ కరెంటు పోయిందట. తీసుంటుందని సగం మంది, తియ్యకూడదని సగం మంది.

లేచే ముందు మంగ గోనె తీసి బుట్ట ముందుకి జరిపింది. ఇంకా బోణీ కాలేదు, మీ చేత్తో చెయ్యండమ్మా అంది. మేం చేపలు తినం అని చెప్పబోయాను. సత్యవతి వెనక్కి జరిగింది, అది చేపలకి కాదు. తన నుదుటి మీద వేలు పెట్టి చూపించింది.

మంగ తన నుదురు చూపించింది. అక్కడా ఏమీ లేదు. "నా మొగుడు గోదాట్లో పోయాడండి. ఆ పెద్దకర్మ అయిన మర్నాటి నుంచీ రోజూ ముందుగా ఈ రేవులో దిగేది నేనేనండి. రేవు గాలికి ఆగుద్ది గానీ, నా మొహానికి ఎప్పుడూ ఆగలేదండి."

మా సత్యవతి, ఉల్లిపాయ తరిగినా చెయ్యి రెండుసార్లు కడుక్కునే మనిషి, ఆ చేపల బుట్టలో చెయ్యి పెట్టింది. గుప్పెడు చిన్నచేపలు తీసి, అడిగినంత డబ్బిచ్చింది. ఆ చేపల్ని ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తెలీలేదు. పాక వెనక పిల్లికి దశ తిరిగింది.

అంతర్వేది

స్వామి దర్శనం బాగా అయింది. పులిహోర ప్రసాదం వేడిగా ఉంది, మనవైపు పులిహోరకన్నా ఇంగువ ఎక్కువ. అన్నాచెల్లెళ్ళ గట్టని, గోదావరి సముద్రంలో కలిసేచోటు చూడమన్నారు. ఇటు తియ్యనీళ్ళు, అటు ఉప్పునీళ్ళు, మధ్యలో గీత ఎక్కడా కనబడదు. సత్యవతి నీళ్ళు దోసిట్లో తీసుకుని నాలిక మీద వేసుకుంది. ఉప్పేనా అనడిగాను. నవ్వింది. చేతి వాసన చూడమని నా ముక్కు దగ్గర పెట్టింది, ఇంకా చేపల వాసనే.

మళ్ళీ తుని

తిరిగొచ్చిన మర్నాడు అన్నయ్య తాళాలు తీసుకుని కొట్టుకి వచ్చేసరికి, ఇంట్లో ఉండే రెండో తాళంచెవితో తలుపులు తీసేసి ఉన్నాయి. వెనక గదిలో ఉండాల్సిన మనిషి ముందు గదిలో, తక్కెడ వెనక, ఉతికిన మడత చీర కట్టుకుని కూర్చుని ఉంది. అన్నయ్య ఆవిడ వంక చూడకుండా నాతో అన్నాడు, లోపలికి వెళ్ళమని చెప్పమని. నేను నోరు తెరిచేలోపే సత్యవతి లేచి నిలబడింది. మా ఇంట్లో అదే మొదటిసారి, మధ్యలో నేను లేకుండా.

"కొట్టు సరుకు లేకపోతే ఆగుతుంది బావగారూ. నా మొహానికి ఆగదు."

అన్నయ్య అరుగు చివర కూర్చున్నాడు. బోణీకి ఎవరూ రారని ఆయన నమ్మకం, ఎదురుచూస్తే తనే లేచి వెళ్తుందని. ఎండ అరుగెక్కింది. వచ్చినవాళ్ళు తొంగి చూసి పక్క వీధికి పోతున్నారు. నేనే ఏదో ఒకటి కొనబోయాను. "మీరు కొంటే అది బోణీ కాదు వదినా, జాలి" అని నా చెయ్యి ఆపింది.

అప్పుడొచ్చింది ఒకావిడ, పల్లెటూరి మనిషి, కూతురి పెళ్ళి సామానుకి. గడప ఎక్కి సత్యవతి నుదురు చూసి ఆగింది. అన్నయ్య గబుక్కున లేచి, నేనిస్తానమ్మా అంటూ తక్కెడ మీద చెయ్యి వేశాడు. ఆవిడ కొంగు ముడి విప్పి, నలిగిపోయిన పాత పొట్లం కాగితం తీసింది. నాలుగు మూలలూ లోపలికి మడిచి, పైన చిన్న తోకలాగా తిప్పిన మడత.

"పెళ్ళిచూపుల నాడు మీ కొట్టు కుంకుమే తీసుకెళ్ళామండి. సంబంధం కలిసొచ్చింది. పెళ్ళి కుంకుమ కూడా ఆ పొట్లం కట్టిన చేత్తోనే కట్టించండి."

ఆ మడత వేసే చెయ్యి తునిలో ఒకటే ఉంది. ఏడాదిగా ఊరందరి నుదుటి మీదకీ వెళ్ళిన కుంకుమ ఏ చేతి మీదుగా వెళ్ళిందో అన్నయ్యకి తెలీదా? రోజూ గడప ఇవతల అందుకున్నది ఆయనే. సత్యవతి కాగితం పరిచి, కుంకుమ పోసి, నాలుగు మూలలూ మడిచి, తోక తిప్పింది. ఆవిడ ఆ చేతిని చూసింది, నుదుటిని చూసింది, మళ్ళీ చేతిని చూసింది. పొట్లం కళ్ళకద్దుకుని డబ్బులు సత్యవతి చేతిలోనే పెట్టింది. అన్నయ్య తక్కెడ మీంచి చెయ్యి తీసి, దాన్ని మెల్లగా సత్యవతి వైపుకి జరిపాడు. తాళాలు అక్కడే పెట్టి, కిందకి దిగి వెళ్ళిపోయాడు. చాలా రోజులు ఆ వీధిలోకే రాలేదు.

ఇంతకీ ఆ సినిమా చివర్న ఏమైందంటావా? మొన్న టీవీలో వేస్తే కదలకుండా కూర్చుని చూశాను. మంగ వాళ్ళకి కరెంటు పోయిన చోటు నుంచీ చూశాను. గేటు బయట ముసలాయన తల దించుకుని ఉంటాడు. లోపల్నించి గౌరి నడిచి వస్తుంది. గొళ్ళెం మీద చెయ్యి వేస్తుంది. వేసి, ఆయన వంక చూసి, ఆ పిల్ల—

"వదినా, రండి, వడ్డించేశాను. చెల్లెలొస్తే గానీ ముద్ద ముట్టనని బావగారు కంచం ముందు కూర్చున్నారు. చారు చల్లారిపోతోంది."